పాట చాటున ప్రయాణించే అక్షరం

ఎఫ్.ఎం. రేడియోలో పాట వినిపిస్తున్న క్షణంలోనే స్టేషన్ పేరు, పాట వివరం, సరైన సమయం, అవసరమైతే తుపాను హెచ్చరిక సైతం అదే తరంగం మీద అక్షరాలుగా ప్రయాణించగలగడం ప్రసార ఇంజనీరింగ్‌లోని అతి నాజూకైన పనితనాల్లో ఒకటి. ఈ విధానానికి రేడియో డేటా సిస్టమ్, క్లుప్తంగా ఆర్.డి.ఎస్., అని పేరు. స్వీడన్‌లో పేజర్ల కోసం, జర్మనీలో ట్రాఫిక్ ప్రకటనల కోసం 1970లలో జరిగిన ప్రయత్నాల తరువాత, 1984లో యూరోపియన్ ప్రసార సంఘం దీనికి ప్రమాణాన్ని ప్రకటించింది.

స్టీరియో ప్రసారంలో శబ్దానికి సంబంధించిన సంకేతం 53 కిలోహెర్ట్జ్‌తో ముగుస్తుంది. స్టీరియో ఉన్నదని రిసీవరుకు తెలిపే పైలట్ స్వరం 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దానికి సరిగ్గా మూడు రెట్లయిన 57 కిలోహెర్ట్జ్ దగ్గర, చెవికి అందని చోట, ఉపవాహకం అనే చిన్న తరంగాన్ని నిలిపి, దాని మీద డేటాను ఎక్కించారు. పైలట్ లయకే ఉపవాహకాన్ని బిగించడం, ఆ 57 వేలను 48తో భాగించి సెకనుకు 1187.5 బిట్ల వేగాన్ని రాబట్టడం చూస్తే, లెక్కలో ఇంతటి సొగసు ఉంటుందా అనిపించక మానదు.

ఆ బిట్లు 104 చొప్పున ఒక గుంపుగా, గుంపుకు నాలుగు ఖండాలుగా వెళతాయి. ప్రతి ఖండంలో 16 బిట్లు సమాచారం, 10 బిట్లు తప్పులను పట్టే కాపలా. వరుసగా అయిదు బిట్ల వరకు చెడినా సరిదిద్దగల ఆ పదే, ఖండం ఎక్కడ మొదలైందో కూడా చెబుతాయి కనుక అందుకోసం వేరే బిట్టు ఒక్కటీ ఖర్చు కాదు. ఒక్కొక్క గుంపు రెండేసి అక్షరాలు మోయగా, నాలుగు గుంపుల్లో ఎనిమిది అక్షరాల స్టేషన్ పేరు పూర్తవుతుంది. పాట వివరానికి 64 అక్షరాల చోటు వేరుగా ఉంది.

కార్యక్రమం రకాన్ని తెలిపే సంకేతాల్లో 31వది అపాయ సూచనకే కేటాయించినది; అందుకు తగిన ఏర్పాటున్న రిసీవరు అది అందగానే వేరే పని మాని హెచ్చరికను వినిపిస్తుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనను ఎరిగిన రేపల్లె తీరానికి, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తమ దగ్గరే తీరం దాటగా చూసిన బాపట్లవాసులకు దీని విలువ విడమరచి చెప్పనక్కరలేదు. ఎందరు విన్నా రద్దీ ఎరుగని మార్గమిది. ఒకేసారి అందరూ ఫోన్లు పట్టుకుంటే ఉక్కిరిబిక్కిరయ్యే మొబైల్ నెట్‌వర్క్ దీనికి సాటి రాదు.

ఇంతటి పనితనానికి పట్టిన గతి మాత్రం దారుణం. స్టేషన్ పేరుకు మాత్రమే ఉద్దేశించిన ఎనిమిది అక్షరాల గూట్లో వ్యాపార ప్రకటనలను ముక్కలు ముక్కలుగా పరుగెత్తించడం ప్రమాణం స్పష్టంగా వద్దన్న పని. డ్రైవరు చూపును రోడ్డు మీది నుంచి లాగే ఈ చౌకబారుతనాన్ని ఆధునికత అనడం సిగ్గుచేటు. మరోవైపు ఫోన్లలో ఎఫ్.ఎం. రిసీవరే కనుమరుగవుతుండగా, దాన్ని పనిచేయనివ్వాలని 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వమే తయారీదారులకు సూచించవలసి వచ్చింది.

పాత ప్రమాణపు అక్షరాల పట్టికలో తెలుగు లేదు. దాని వారసుడైన ఆర్.డి.ఎస్.-2 యూనికోడ్‌ను స్వీకరించింది. అందులోని 128 బైట్ల వచనంలో, తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున, 42 సంకేతాలు పడతాయి. ఊరి పేరు, గాలి వేగం, చేరవలసిన చోటు చెప్పడానికి అవి చాలు. విజయవాడ ఆకాశవాణి ఈ పనికి పూనుకోవాలి, తెనాలి, బాపట్ల ఇంజనీరింగ్ విద్యార్థులు కంప్యూటరుకు తగిలించే చౌక రిసీవరుతో ఈ బిట్లను స్వయంగా విప్పి చూసి, పరికరాలు తయారు చేయాలి, శ్రోతలు ఆర్.డి.ఎస్. లేని రేడియోను కొనబోమని దుకాణంలోనే చెప్పాలి.