చూపు మార్చిన వలసవాడు: మెడ్ హోండో ‘సొలేయ్ ఓ’

వలస జీవితం మీద వచ్చే కథలూ సినిమాలూ చాలావరకు మన కంట తడి పెట్టించి ఊరుకుంటాయి. ఆ కన్నీళ్లకు విలువ లేదని నేననను. కాని జాలిపడే ప్రేక్షకుడు తన స్థానాన్ని ప్రశ్నించుకోనవసరం లేదు. మెడ్ హోండో ‘సొలేయ్ ఓ’ (1970) ఆ వెసులుబాటు ఇవ్వదు.

హోండో 1936లో మారిటేనియాలో పుట్టాడు. 1950ల చివర ఫ్రాన్సుకు వలస వెళ్లి వంటవాడుగా, ఓడరేవు కూలీగా బతికాడు. నాటకరంగం మీదుగా సినిమాకు వచ్చాడు. చాలీచాలని డబ్బుతో, తోటి నటుల సహకారంతో ఈ చిత్రం తీశాడు. 2019లో మరణించేలోగా హాలీవుడ్ నటులకు ఫ్రెంచిలో గొంతు అరువిచ్చీ జీవిక సాగించాడు.

చిత్రం ఆరంభంలో జ్ఞానస్నానానికి వచ్చిన ఆఫ్రికన్లు తమ భాషలు మాట్లాడినందుకు క్షమాపణ వేడుకుంటారు. కాసేపటికి వాళ్ల చేతుల్లోని శిలువలే కత్తులవుతాయి. వలసపాలన మతంతో వచ్చి సైన్యంతో స్థిరపడ్డ తీరును ఉపన్యాసం లేకుండా ఈ ఒక్క దృశ్యం చెబుతుంది. తర్వాత ఒక ఆఫ్రికన్ అకౌంటెంటు పారిస్‌లో పని వెతుక్కుంటాడు. అతనికి పేరు లేదు. అతను తెల్లమ్మాయితో వీధిలో నడుస్తుంటే కెమెరా దారిన పోయేవాళ్ల ముఖాలను పట్టుకుంటుంది. అంతవరకు అతన్ని తూచిన కళ్లు ఇప్పుడు విచారణకు నిలబడతాయి. వస్తువు మారితే శిల్పం ఎందుకు మారాలని అడిగే మిత్రులకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

లోపం లేకపోలేదు. వలస వచ్చిన ఆఫ్రికన్ స్త్రీ శ్రమకు, ఆమె గొంతుకు ఇందులో తగిన చోటు దక్కలేదు. దోపిడిని ఇంత నిశితంగా చూసిన దర్శకుడు ఆ సగాన్ని వదిలేయడం చిన్న విషయం కాదు.

చివర కథానాయకుడు అడవిలోకి పరుగెత్తి కేకలు పెడతాడు. లుముంబా, చే గువేరా, మాల్కం ఎక్స్ చిత్రపటాలు కనిపిస్తాయి. తర్వాత తెర మీద పడే మాట, మన వారపత్రికల సీరియల్ కింద ఉండేదే: ‘ఇంకా ఉంది’. ఆ కేకను నిస్పృహగా చదవడం పొరపాటని నా అభిప్రాయం. మిగిలిన కథ తెర బయట నడవాలి.

పాలమూరు కూలీల మీద, గల్ఫుకు వెళ్లినవాళ్ల మీద మనమూ రాస్తున్నాం. ఆ కథల్లో వలసవాణ్ణి మనం చూస్తాం. అతను మనల్ని చూసే కథ ఎప్పుడు రాస్తాం?