వచ్చిన అతిథికి చిలికిన చల్లే పోయాలి

కర్ణాటకలోని తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో, దాదాపు 13,000 ఎకరాల్లో ఉన్న 2,050 మెగావాట్ల సోలార్ పార్కును చూడటానికి ఏ దేశం వాళ్లు వచ్చినా, పలకలు చూపించి కూల్‌డ్రింకు ఇచ్చి పంపడం మన సీమకు తగిన మర్యాద కాదు. కవ్వంతో చల్ల చిలికే పనితనం వాళ్లకు చూపించాలి. చైనావాళ్లు తమ తేనీటి విషయంలో ఈ పనే చేస్తున్నారు. సాంగ్ రాజుల కాలంలో అక్కడ తేయాకు పొడిలో వేణ్నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, వెదురు కుంచెతో తెల్లటి నురగ వచ్చేదాకా చిలికేవారు. హ్యూజోంగ్ చక్రవర్తి 1107లో ఆ విద్య మీద ఏకంగా గ్రంథమే రాశాడు. నీళ్లు ఏడు దఫాలుగా ఎలా పోయాలో అందులో చెప్పాడు. 1391లో మింగ్ చక్రవర్తి అచ్చుల్లో ఒత్తిన తేయాకు కప్పం మాన్పించాక విడి ఆకు కాచుకోవడమే వాడుకైంది, చిలకడం మూలబడింది. జపాన్‌లో అది నిలిచింది. ఇప్పుడు చైనావాళ్లు పాత పుస్తకాలు తిరగేసి దాన్ని మళ్లీ నేర్చుకుని, విదేశీయులకు నేర్పుతున్నారు. మనకింకా పుస్తకాలు వెతికే గతి పట్టలేదు, చిలికే చేతులు ఉన్నాయి.

ఆ చేతుల నేర్పు ఎంత పొగిడినా తక్కువే. రాత్రి తోడేసిన పెరుగును తెల్లవారుజామున, చల్లటి వేళ కుండలో పోస్తారు. గుంజకు ఆనించిన కవ్వానికి తాడు చుట్టి, ఒక చేయి లాగితే రెండో చేయి వదులుతూ సాగాలి. ముందు పెద్ద బుడగలు లేస్తాయి, తర్వాత నురగ చిక్కబడుతుంది, ఆపైన చప్పుడు మారి తాడు బరువెక్కుతుంది. చేయితిరిగిన ఇల్లాలు కుండలోకి తొంగిచూడదు, ఆ చప్పుడు విని వెన్న పూసకట్టిందని చెప్పేస్తుంది. చిలికే కొద్దీ కొవ్వు బొట్ల మీది పొర చిరిగి అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. వేడెక్కితే వెన్న జారిపోతుంది, మరీ చల్లబడితే పూసకట్టదు. ఎండాకాలం చన్నీళ్లు, చలికాలం గోరువెచ్చని నీళ్లు పోసేది అందుకే. కర్ణాటకలో ఉంటూ కవ్వం గొప్ప ఇంకొకరు చెప్పాలా? ఉడుపి కృష్ణుడి ఒక చేతిలో కవ్వం, రెండో చేతిలో తాడు!

మిక్సీలోనూ వెన్న వస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ చేతికి తెలిసే బరువు మోటారుకు తెలియదు, ఆపాల్సిన క్షణం దాటితే కట్టిన పూస మళ్లీ నలిగిపోతుంది. ఇక పెరుగులో నీళ్లు కలిపి, ఉప్పూ అల్లమూ వేసి, వెన్న తీయకుండానే ప్యాకెట్లలో అమ్మేదాన్ని మజ్జిగ అనడం దారుణం! దాన్ని అతిథి చేతిలో పెట్టి ఇదే మా చల్ల అనడం అంతకన్నా దారుణం. ఆడవాళ్ల మీద మళ్లీ చాకిరీ మోపుతారా అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. దానికి జవాబు కవ్వాన్ని అటకెక్కించడం కాదు, ఆ పనికి కూలి కట్టడం, మగవాళ్లూ తాడు పట్టడం. పైగా పొలాలు పార్కుకు కౌలుకు పోయి సాగు ఆగినచోట పశువులకు చెనక్కట్టె (వేరుశనగ కట్టె) దొరకదు, మేత లేనిదే పాడి నిలవదు. కాబట్టి ఏడాదికోసారి ప్రదర్శన పెట్టి చప్పట్లు కొడితే చాలదు. పార్కుకు అతిథులను తీసుకొచ్చే పెద్దలారా, తిరుమణిలో, బాలసముద్రంలో పాడి ఉన్న ఇళ్లకు ముందురోజే చెప్పి, అడిగిన ధర ఇచ్చి చల్ల కొనండి. వచ్చినవాళ్ల చేతికి తాడు కూడా ఇవ్వండి.