విద్యావిరామము : ‘ది బెల్ జార్’ నవలా విమర్శనము

విద్యార్థి మనోవ్యాధిపీడితుఁడై చదువును గొంతకాలము నిలుపుట పరాజయమా, చికిత్సలో నొక భాగమా యను ప్రశ్నము నేఁటి విద్యాలయములలోఁ దఱచుగా వినవచ్చుచున్నది. ఈ ప్రశ్నమును గథారూపమున విచారించిన గ్రంథములలో అమెరికా కవయిత్రి సిల్వియా ప్లాత్ రచించిన ‘ది బెల్ జార్’ అను నవల గణనీయమైనది. అది 1963 జనవరిలో లండను నగరమున విక్టోరియా లూకస్ అను మాఱుపేరుతోఁ బ్రకటింపఁబడెను. మఱుసటి నెలలోనే రచయిత్రి యాత్మహత్య చేసికొనెను. ఆమె పేరుతో 1966లోను, ఆమె స్వదేశమున 1971లోను గ్రంథము వెలువడినది. దీనిని గొందఱు ఉన్మాదచరిత్ర మనియు, గొందఱు స్త్రీజీవితవిమర్శన మనియుఁ జదివిరి. రెండును యుక్తములే. అయినను కథానాయిక సర్వప్రథమముగా విద్యార్థిని. ఆమె చదువు తెగుటయు, మరల నతుకుటయు నను సూత్రముననే కథ యంతయుఁ గ్రుచ్చఁబడినది. ఆ సూత్రమును బట్టి గ్రంథమును బరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

కథాకాలము 1953 వేసవి. ఎస్తర్ గ్రీన్‌వుడ్ పారితోషికములచేతను విద్యార్థివేతనముచేతను జదువుకొనుచు వచ్చిన యువతి. పరీక్షలలో నోటమి యెఱుఁగదు. ఒక స్త్రీల పత్రికవా రేర్పఱచిన పోటీలో నెగ్గి న్యూయార్కు నగరమున నొక నెల గడపి, బోస్టను సమీపమునఁ దల్లి యింటికి మరలివచ్చును. వేసవిలోఁ జేరఁదలఁచిన రచనాశిక్షణవర్గమునఁ దనకుఁ జోటు దొరకలేదని యప్పుడు తెలియును. పిదప నిద్ర పోవును. తరువాత నక్షరములు పోవును. జేమ్స్ జాయిస్ రచించిన ‘ఫిన్నెగన్స్ వేక్’ మీఁదఁ బరిశోధనవ్యాసము వ్రాయఁదలఁచి పుస్తకము తెఱవఁగా, నక్షరములు కుదురుగా నిలువక కదలాడుచుండును. ఉత్తరము వ్రాయఁబోఁగా దస్తూరి పసిపిల్ల వ్రాఁతవలె వంకరపోవును. రచయిత్రి రోగలక్షణములను వైద్యగ్రంథమందువలె నేకరువు పెట్టలేదు. విద్యార్థినికిఁ బ్రాణమైన యక్షరమునే వ్యాధి హరించినట్లు చూపినది. అన్నము తినుట మానినచో నిరుగుపొరుగువారైనను గమనింతురు. పుటపై దృష్టి నిలువకుండుట నెవ్వరు గమనింపఁగలరు? ఉపాధ్యాయులు సోమరితన మని భ్రమపడు లక్షణ మిదియే యగుటచే, నీ ఘట్టము బోధకులకు మిక్కిలి పఠనీయము.

ఈ నవలలో విరామములు రెండు. మొదటిది యింటికడ గడచినది. ఒక యేఁడు చదువు మాని కుమ్మరిపని నేర్తు నని యొకసారి, జర్మనీదేశమునకుఁ బోయి భోజనశాలలో వడ్డనపని చేయుచు నచటి భాష నేర్తు నని యొకసారి ఎస్తర్ తలపోయును. తల్లి షార్ట్‌హ్యాండు నేర్పఁజూచును. ఏ తలంపును గడియసేపు నిలువదు. ఆమెను జూచిన మొదటి మనోవైద్యుఁడు కళాశాల పేరడిగి, యుద్ధకాలమున నచట నుండిన స్త్రీసైనికశిబిరమును స్మరించుకొనును. రోగి మాట యతని చెవి కెక్కదు. అతఁడు చేయించిన విద్యుచ్చికిత్స శిక్షవలె బాధించును. తుద కామె ప్రాణత్యాగమునకుఁ బూనుకొని, దైవికముగా బ్రతికి బయటపడును. రెండవ విరామము వైద్యశాలలోనిది. ఇచట డాక్టరు నోలన్ అను వైద్యురాలు రోగి చెప్పినది వినును. మునుపు భయపెట్టిన విద్యుచ్చికిత్సయే సక్రమముగా జరుపఁబడి యుపశమనము గూర్చును. పిమ్మట శీతకాలమునఁ గళాశాల రెండవ యర్ధసంవత్సరమునకు మరల వెళ్లుట నిర్ణయింపఁబడును. చదువు మానుట రెండింటను సమానమే. మొదటిదానికిఁ గాపు లేదు, గడువు లేదు. రెండవదానికి రెండును గలవు. కావున విశ్రాంతి తీసికొనుమని పంపివేసినంతమాత్రమున విద్యాలయమువారి ధర్మము తీఱదని కథయే నిరూపించుచున్నది.

భారతీయవిద్యాసంప్రదాయమున ననధ్యాయము విద్యకు వెలియైనది కాదు. ఆపస్తంబగౌతమధర్మసూత్రములును, మనుస్మృతి నాలుగవ యధ్యాయమును దానిని విస్తరించి విధించినవి. ఉఱుము, గ్రహణము, అశౌచము మొదలగు నిమిత్తములతోపాటు అజీర్ణము, వమనము వంటి శరీరబాధలను గూడ మనువు లెక్కించెను. అధ్యయనము నిలుపుటయు నధ్యయనవిధిలోనిదే యని దీని తాత్పర్యము. అనధ్యాయదినమునఁ జదువనివాఁడు తప్పు చేసినవాఁడు కాఁడు. చదివినవాఁడే తప్పు చేసినవాఁడు. మనోబాధ నిమిత్తమైన విరామమునకును ఈ గౌరవమే చెల్లవలెను. అయితే యనధ్యాయము గడపిన శిష్యుఁడు విడిచిన పాఠమునే మరలఁ జెప్పుకొనును. ఎస్తర్ విషయమున నది యంత సులభము గాదు.

ఇచటఁ దల్లి మాట విచార్యము. వైద్యశాలకు వచ్చిన యామె, జరిగినదంతయుఁ బీడకలగా నెంచి విడిచినచోటినుండియే మొదలుపెట్టుద మను నర్థము వచ్చునట్లు పలుకును. కూఁతురు మనసులో నంగీకరింపదు. తనకుఁ బ్రతిదియు జ్ఞాపకమున్నది. ఈ భేదమును వ్యాకరణపరిభాషలోఁ జెప్పవచ్చును. అదర్శనమునకుఁ బాణిని లోప మని సంజ్ఞ చేసెను. ప్రత్యయము లోపించినను దన్నిమిత్తకకార్యము నిలుచును. ‘అగ్నిచిత్’ అనుచోట సుప్రత్యయము కనఁబడకున్నను బదసంజ్ఞ పోదు. లుక్కుచేఁ బోయిన ప్రత్యయ మట్లు గాదు. అంగమునందుఁ దన కార్యమును నిలుపలేదు. ‘గర్గాః’ అనుచోట యఞ్ ప్రత్యయము లుక్కగుటచే నాదివృద్ధి యుండదు. తల్లి కోరునది లుక్కు. పోయిన నెలలు కూఁతునందు జాడ విడువరాదు. కూఁతు రెఱిఁగినది లోపము. ఆ నెలలు కళాశాల లెక్కలోఁ గనఁబడవు గాని, వాని కార్యము ప్రకృతియందు నిలిచియే యున్నది. నవల మొదటి ప్రకరణమే యిందులకు సాక్ష్యము. న్యూయార్కులో లభించిన కానుకలను జాలకాలము దాఁచియుంచితి ననియు, వానిలో నల్లకండ్లద్దాల సంచికున్న ప్లాస్టిక్కు నక్షత్రచేపను గోసి పాపకు ఆటవస్తువుగా నిచ్చితి ననియుఁ గథకురాలు చెప్పును. ఆమె బ్రతికినది, తల్లియైనది. ఆ వేసవిని మాత్రము పాఱవేయలేదు.

నవల ముగింపును విజయగీతముగాఁ జదువుట పొరపాటు. వైద్యులు కూర్చున్న గదిలోనికి ఎస్తర్ అడుగిడుటతోఁ గథ యాఁగును. గ్రంథనామమునకు మూలమైనది ప్రయోగశాలలోని గంటవంటి గాజుమూత. లోనివారికిఁ దమ యుచ్ఛ్వాసమే మరల గాలియగును. అది యిప్పుడు పైకి లేచినది గాని, మఱియొకనాఁడు దిగదని యామెకు నిశ్చయము లేదు. రచయిత్రి జీవితమున నీ రెండంశములును గలవు. ఆమె 1953 ఆగస్టులోఁ బ్రాణత్యాగమునకుఁ బూని, మెక్లీన్ వైద్యశాలలో నుండి, 1954 ఆరంభమున స్మిత్ కళాశాలకు మరలివచ్చి, 1955లో నత్యున్నతగౌరవముతోఁ బట్టము పొందెను. డాస్టొయేవ్‌స్కీ నవలలు రెండింటిలోని ప్రతిరూపపాత్రలను గూర్చి తన పరిశోధనవ్యాసము వ్రాసెను. చదువ శక్తి యుడిగిన విద్యార్థిని యట్టి కృషి చేయఁగలుగుట విరామసాఫల్యమునకు నిదర్శనము. 1963లో నామె మరణము, విరామము వ్యాధికి శాశ్వతనివారణము గాదనుటకు నిదర్శనము. ఒకదానిని జూపి రెండవదానిని గప్పిపుచ్చరాదు.

గ్రంథమున దోషములు లేకపోలేదు. జోన్ అను సహాధ్యాయినిని ఎస్తర్‌కుఁ బ్రతిబింబముగా వైద్యశాలకుఁ దెచ్చి, తుద నామెను మరణింపఁజేయుట కథాసౌకర్యమునకే యైనట్లు తోఁచును. నగరవైద్యశాలలో నన్నము వడ్డించు నల్లజాతి పనివానిని వర్ణించిన తీరున సానుభూతి కొఱవడినది. ఎస్తర్‌ను మంచి వైద్యశాలకుఁ జేర్చినది ఫిలొమీనా గినియా అను ధనికురాలైన నవలారచయిత్రి. అట్టి దాత లేని రోగుల గతి నవలలో నీడగా మాత్రమే కనఁబడును. కళాశాల యామె స్థానము నెట్లు నిలిపెనో, గురువు లేమనిరో గ్రంథమున దాదాపు లేదు.

ఈ కొఱఁతయే నేఁటి పాఠకునకు ముఖ్యము. విశాఖపట్టణమున మరణించిన యొక విద్యార్థినిని గూర్చిన వ్యాజ్యమున భారత సర్వోన్నతన్యాయస్థానము 2025 జూలైలోఁ దీర్పు చెప్పుచు, నూఱుగురు గాని యంతకెక్కువ గాని విద్యార్థులు గల విద్యాసంస్థలు మనోవ్యథలయందు శిక్షణ పొందిన యుపదేశకు నొకనినైన నియమింపవలెనని నిర్దేశించినది. ఉపదేశకుఁడు వ్యాధిని గుర్తింపఁగలఁడు, వైద్యునికడకుఁ బంపఁగలఁడు. మరలివచ్చు విద్యార్థికిఁ జోటు నిలిపియుంచుట మాత్రము గురువుల పని. వచ్చినవానిని వెనుకటివాఁడే యని భ్రమింపక, వేఱొకఁ డని త్రోసివేయక, పాఠము చెప్పవలెను. ప్లాత్ వ్రాయక విడిచిన ప్రకరణ మిది. దానిని బోధకులు తమ పాఠశాలలలోఁ బూరింతురు గాక.