స్టీరింగ్ చివరిదాకా తిప్పి చూడండి

విశాఖ మన్యంలోని పాడేరు ఘాట్‌లో రెండేళ్ళ కిందట ఒక వాన సాయంత్రం విన్న చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది. ముడుచుకుపోయిన మలుపు, ఎదురుగా నిండుగా వస్తున్న బస్సు. దారి ఇవ్వడానికి స్టీరింగ్ పూర్తిగా తిప్పాను. అదే క్షణంలో రోడ్డు అంచు గుంతలో ముందు చక్రం పడి లేచింది. బర్రుమని, గోనెసంచి చింపినట్టు ఒక మోత. స్టీరింగ్ ఒక్కసారి చేతిలో బిగుసుకుని వదిలింది. బస్సు వెళ్ళిపోయింది. పక్క సీట్లో ఉన్న మా అమ్మ నా మోచెయ్యి పట్టుకుని ‘ఏమయింది నాన్నా’ అంది.

దిగి ఫోను లైటు వేసి చూశాను. మడ్‌గార్డు లోపలి నల్ల ప్లాస్టిక్ అరచెయ్యంత మేర అరిగిపోయి, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. అంచున ఒక ముక్క చిరిగి వేలాడుతోంది. టైరు భుజం మీద కొత్తగా పడిన గీతలు. బండికి రెండంగుళాల లిఫ్టు వేయించి, ముప్ఫైమూడు అంగుళాల టైర్లు ఎక్కించి అప్పటికి నెల కూడా కాలేదు. బిగించిన రోజున షాపు ముందు నిలబెట్టి చూస్తే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నా పిడికిలి సులువుగా పట్టింది. ‘చూశారా సార్, ఎంత ఖాళీ ఉందో’ అన్నారు షాపువాళ్ళు. నిజమే, ఖాళీ ఉంది. బండి కదలనంతసేపూ ఉంది.

ఆ రాత్రి నుంచి టైరు సైజుల లెక్క కాగితం మీద వేసుకోవడం మొదలుపెట్టాను. మా మహీంద్రా థార్‌కి కంపెనీ ఇచ్చినవి 245/75 ఆర్16. అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 16 అంగుళాలు. పైనా కిందా రెండు పక్కగోడలూ, మధ్యలో రిమ్మూ కలిపితే టైరు మొత్తం ఎత్తు దాదాపు 774 మిల్లీమీటర్లు. నేను వేయించినవి 285/75 ఆర్16. వాటి ఎత్తు 834. అరవై మిల్లీమీటర్లు పెరిగాయని సంబరపడ్డాను. కానీ ఇరుసు ఉండేది చక్రం నడుమ. పెరిగిన అరవైలో ముప్ఫై కిందికి వెళ్ళి బండిని లేపుతాయి, మిగతా ముప్ఫై పైకి వెళ్ళి మడ్‌గార్డును వెతుక్కుంటాయి. నాకు పనికొచ్చింది సగమే. రెండో సగం ఘాట్‌లో ప్లాస్టిక్‌ని కోసింది.

మరి లిఫ్టు ఏం చేసినట్టు? ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు, నేనూ పొరపడ్డాను. లిఫ్టు బాడీని లేపుతుంది, వెనక ఇరుసుని లేపదు. థార్ వెనక ఇరుసు ఏకఖండం. దాని నడుమ బొడిపెలా వేలాడే డిఫరెన్షియల్ నేలకి ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించేది టైరు ఒక్కటే. దారి మధ్యలో రాయి తగిలేది దానికే. ఇంకొక మాట. స్ప్రింగు ఎంతవరకు అణగాలో హద్దు పెట్టే బంప్‌స్టాపులు మార్చకుండా స్ప్రింగులు మాత్రం పొడుగువి వేస్తే, బండి నిలబడినప్పుడు ఖాళీ కనబడుతుంది. గుంతలో స్ప్రింగు పూర్తిగా అణిగినప్పుడు చక్రం మునుపటి చోటికే వచ్చి చేరుతుంది. ఆ క్షణానికి లిఫ్టు లేనట్టే. పైగా మడ్‌గార్డు నిండుగా కనబడాలని రిమ్ములు బయటికి వచ్చేవి వేయిస్తే, స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ఇంకా పెద్ద వంపు తిరిగి ఇంకా ముందే రాసుకుంటుంది.

రాపిడి ఒక్కటే అయితే ప్లాస్టిక్ కోసి సరిపెట్టుకోవచ్చు. బరువు సంగతి అలా కాదు. ఇలాంటి టైరు ఒక్కోటి అయిదారు కిలోలు ఎక్కువ తూగడం మామూలే. ఆ బరువు స్ప్రింగుల మీద కాదు, వాటి కింద తిరుగుతూ ఉంటుంది. దాన్ని తిప్పడానికి ఇంజన్, ఆపడానికి బ్రేకు, మోయడానికి బేరింగు రోజూ కష్టపడాలి. చక్రం చుట్టుకొలత పెరిగింది కాబట్టి గేర్లన్నీ ఒక మెట్టు బరువెక్కినట్టు అవుతాయి. ఎత్తులో సెకండ్ గేరు లాగిన చోట ఫస్ట్ వెయ్యాల్సి వచ్చింది. మీటరు 80 చూపిస్తుంటే బండి నిజంగా 86లో పోతోంది. వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ కూడా అదే సైజుది ఉండాలి. ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందూ వెనకా చక్రాలు సమానంగా లేకపోతే గేరు పెట్టెలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. ఆ స్టెప్నీ బరువుకి తలుపు కీళ్ళు వాలడం మరో బాధ.

చట్టం గురించి ఒక్క ముక్క. కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే తేల్చి చెప్పింది. టైరు సైజు, లిఫ్టు నిర్ణయించుకునే ముందు రవాణా శాఖ ఆఫీసులోనూ బీమా కంపెనీలోనూ అడగండి, వాళ్ళు చెప్పింది కాగితం మీద తీసుకోండి. ప్రమాదం జరిగాక అడిగితే ఉపయోగం లేదు.

పాడేరు దగ్గరి వంజంగిలో ఒక జీపు పెద్దాయన నా చక్రాలు చూసి చెప్పిన మాట నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆయనది పాత మహీంద్రా, టైర్లు 6.00-16. సన్నంగా, పొడుగ్గా, సైకిలుకి అన్నయ్యలా ఉంటాయి. ‘సన్న టైరు బురదని కోసుకుని కిందకి దిగుతాది బాబూ, గట్టి నేల దొరికితే పట్టుకుంటాది. మీది బురద మీద తేలిపోతాది’ అన్నాడు. మన్యంలో వాన పడ్డాక ఎర్రమట్టి పైన నాలుగు వేళ్ళ లోతు జారుడు, కింద గట్టి నేల. అక్కడ ఆయన మాట అక్షరాలా నిజం. ఇసుకలో అయితే వెడల్పు టైరే మేలు, తేలడమే కావాలి. అంటే అడగాల్సిన మొదటి ప్రశ్న టైరు ఎంత పెద్దది అని కాదు, నేను వెళ్ళే నేల ఏది అని.

ఇక గాలి. రోడ్డు మీద 30 పౌండ్లకు అటూ ఇటూ ఉంచే టైరులో, రాళ్ళ దారి మొదలయ్యే చోట 18కి దింపండి. పక్కగోడ మెత్తబడి, టైరు పాదం పొడుగ్గా పరుచుకుంటుంది, రాయిని పట్టుకుంటుంది. ఉన్న టైరుతో గాలి తగ్గించి దాటిన చోట్లు, పెద్ద టైరులో గాలి నింపుకుని జారిపడిన చోట్లు, రెండూ చూశాను. అయితే ఆ గాలితో తారు రోడ్డు ఎక్కి వేగంగా వెళ్ళకూడదు, పదునైన మలుపు కొట్టకూడదు. టైరు రిమ్ము వదిలే ప్రమాదం ఉంది. అందుకే తిరిగి గాలి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ బండిలో ఉండాల్సిందే.

ఇప్పుడు నా బండికి ఉన్నవి 265/75 ఆర్16, ఆల్ టెరెయిన్ రకం. ఎత్తు 804 మిల్లీమీటర్లు. ఇరుసు కింద నాకు దక్కింది పదిహేను మిల్లీమీటర్లే. విశాఖ నుంచి మన్యానికి వెళ్ళి వచ్చే నా ప్రయాణంలో చాలా భాగం తారు రోడ్డే కాబట్టి అది చాలు. ఆ తరవాత ఏ మలుపులోనూ ఆ మోత వినలేదు.

మీరు టైర్లు మార్చేటప్పుడు షాపులో ఒక పని చేయించుకోండి. ముందు చక్రం ఒకదాన్ని దిమ్మ మీదికి ఎక్కించి స్ప్రింగు అణగనివ్వండి. మడ్‌గార్డు లోపల సుద్దముక్కతో రుద్దండి. స్టీరింగ్ ఇటు చివరిదాకా, అటు చివరిదాకా నెమ్మదిగా తిప్పించండి. తరవాత రెండో చక్రం కూడా అలాగే. టైరు మీద సుద్ద అంటితే ఆ సైజు మీ బండికి పెద్దదే. అలా చూపించడానికి షాపువాళ్ళు ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి.