యాభై రెండేళ్ళ స్వేచ్ఛ, ముప్పై నాలుగేళ్ళ ఒళ్ళు

జెర్మైన్ గ్రీర్ 'ద ఛేంజ్' పిహెచ్‌డి చేస్తున్న రోజుల్లో ఇష్టంగా చదువుకున్నాను. ముట్లుడిగిన స్త్రీని పనికిరానిదిగా చూసే లోకాన్ని ఆమె నిలదీసిన తీరు నాకు ఎంతో ధైర్యమిచ్చింది. ముప్పై నాలుగో ఏట నాకే ముట్లు ఆగిపోయాక మళ్ళీ తీశాను. ఈసారి ఆ పుస్తకంలో నేను కనిపించలేదు.

మొదట్లో నెల తప్పుతుంటే ఉద్యోగపు ఒత్తిడి అనుకున్నాను. నడిరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు. నాలుగు వారాల తేడాతో రెండుసార్లు రక్తపరీక్ష చేయించి, ఎఫ్.ఎస్.హెచ్. బాగా ఎక్కువగా ఉంది, అండాశయాలు పని తగ్గించేశాయి అంది డాక్టరు. హార్మోన్లు రాసిచ్చింది. ఏడాదిన్నర వేసుకోలేదు. చదువుకున్నదాన్ని కాబట్టే వేసుకోలేదు.

ఆ చదువు ఏమిటంటే: 1966లో రాబర్ట్ విల్సన్ అనే న్యూయార్క్ డాక్టరు 'ఫెమినిన్ ఫరెవర్' రాశాడు. ముట్లుడగడం లోపంవల్ల వచ్చే జబ్బట, ఈస్ట్రోజెన్ వాడితే ఆడది ఎప్పటికీ ఆడదిగానే ఉంటుందట (ఎవరి కోసమో వేరే చెప్పాలా!). ఆయనకి మందుల కంపెనీల డబ్బు అందిందని తర్వాత బయటపడింది. 1991లో గ్రీర్ ఈ ధోరణినంతా ఎండగట్టింది. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అధ్యయనంలో, రెండు హార్మోన్లు కలిపి ఇస్తున్న భాగాన్ని రొమ్ము కాన్సర్ పెరుగుతోందని మధ్యలోనే ఆపేశారు. మన అనుమానమే నిజమైందని నేను క్లాసులో కూడా చెప్పాను.

ఆ అధ్యయనంలో చేరిన స్త్రీల వయసు 50 నుంచి 79. సగటు 63. నలభైకి ముందే ఆగిపోయిన ఒంటికి హార్మోన్లివ్వడమంటే ఆ వయసులో ఉండవలసినదాన్ని తిరిగివ్వడం. ఎముకల కోసం, గుండె కోసం యాభై దగ్గరిదాకా వాడమంటారు. రొమ్ము కాన్సర్ వచ్చినవాళ్ళ సంగతి వేరు. ఏ పుస్తకం చేతికొచ్చినా ఇందులో 'స్త్రీ' అంటే ఎవరని అడిగే నేను ఇక్కడ అడగలేదు. నా వెన్నెముక పలచబడిందని స్కానింగులో తేలాక అడిగాను.

పుస్తకం వచ్చేనాటికి గ్రీర్‌కి 52 ఏళ్ళు. పిల్లల్ని కనే బాధ్యత తీరిపోయిన స్వేచ్ఛ గురించి ఆ వయసులో రాయవచ్చు. నేనింకా కనాలో వద్దో తేల్చుకోలేదు. నాలాంటివాళ్ళలో నూటికి అయిదుగురు దాకా ఆ తర్వాత కూడా మందుల్లేకుండానే గర్భం దాలుస్తారని తెలిసిన రోజు, సంతోషించాలో జాగ్రత్తపడాలో అర్థం కాలేదు.

మన దగ్గర ఈ ప్రశ్న ఇంకోలా ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ముగ్గురు, తెలంగాణలో దాదాపు ఎనిమిదిమంది, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదిమంది. అండాశయాలూ తీసేస్తే ఒక్కరోజులోనే ముట్లుడుగుతాయి. ఉంచినా త్వరగా ఆగిపోవచ్చు. విల్సన్ అమ్మజూపిన మాత్రని గ్రీర్ కాదంది. మన పల్లెల్లో ఆ మాత్ర గురించి చెప్పేవాళ్ళెవరు? వద్దనే హక్కు కూడా చదువుకున్న నాకే దక్కింది.

మా పిన్నికి ముప్పై రెండో ఏట ఆపరేషన్ అయింది. కాగితాలు నేను మొన్ననే చూశాను. రెండు అండాశయాలూ తీసినట్టుంది. ఆమెకెవరూ చెప్పలేదు.

"అప్పుడు నీకూ ఆవిర్లొచ్చాయా పిన్నీ?" అని అడిగాను.

"ఎండలనుకున్నానే" అంది.

ఆపరేషన్ జరిగింది ధనుర్మాసంలో.