కలివికోడి కోసం పరిచిన మట్టిపట్టీలు

కలివికోడి కథలో మొదటి సగం చాలామందికి తెలిసిందే. ఇంగ్లిషులో జెర్డాన్స్ కోర్సర్ అనే ఈ పిట్టను 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూశాక మళ్లీ జాడ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో స్థానికుల సాయంతో దాన్ని తిరిగి కనుగొన్నారు. నాకు అంతకన్నా అబ్బురం కలిగించేది ఆ తర్వాత జరిగిన పని. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

పిట్ట ఉందని తేలింది, సరే. ఎక్కడెక్కడ ఉంది? ఎలాంటి నేల కావాలి దానికి? ఇది రాత్రి తిరిగే పిట్ట. ఒంటి రంగు నేలలో కలిసిపోతుంది. ముళ్లపొదల మధ్య టార్చిలైటు వేసుకుని వెతికితే కనబడటం అదృష్టమే. కనబడకపోతే చిక్కు ఇంకా పెద్దది: అక్కడ నిజంగా లేదా, మన కంట పడలేదా?

పి. జెగనాథన్, రైస్ గ్రీన్, కెన్ నోరిస్, అసద్ రహమానీ తదితర పరిశోధకులు ఈ చిక్కును విప్పిన తీరు చూడండి. చిట్టడవిలో అక్కడక్కడా మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచారు. రాత్రి వాటి మీదుగా నడిచిన ప్రతి ప్రాణీ తన ముద్ర వదిలి వెళ్తుంది. తెల్లారాక ఒక్కో జాడనూ పరిశీలించారు. కలివికోడికి వెనకవేలు ఉండదు, ముందుకు చాచిన మూడు వేళ్లే. అయితే ఆ చుట్టుపక్కల తిరిగే ఇతర నేలపిట్టల జాడలతో పొరబడే ప్రమాదం ఉంది కాబట్టి కొలతలు తీసి వేరుచేయాలి. జాడ మీద మాత్రమే ఆధారపడకుండా వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు కూడా పెట్టారు. ఎరా లేదు, వలా లేదు, పిట్టను ముట్టుకున్నదీ లేదు. ఈ పద్ధతి గురించి 2002లో ఓరిక్స్ పత్రికలో వాళ్లు రాసిన వ్యాసం చదివితే, ఇంత సాదా పనిముట్లతో ఇంత నమ్మకమైన సాక్ష్యమా అనిపిస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి జాడ పడని పట్టీలు. ఎక్కడ పడలేదో కూడా అంతే శ్రద్ధగా రాసుకుంటేనే పిట్ట ఇష్టపడే చోటుకూ వద్దనుకునే చోటుకూ తేడా తెలుస్తుంది. ఆ రెండు రకాల చోట్లా పొదలు లెక్కపెట్టారు. 2004లో ప్రచురించిన ఫలితం ఇది: రెండు మీటర్లు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, అంతకన్నా పొట్టివి వెయ్యిలోపు ఉన్నచోట కలివికోడి ఉండే అవకాశం ఎక్కువ. అంటే మరీ బోడి నేలా పనికిరాదు, మరీ దట్టమైన పొదా పనికిరాదు. పశువుల మేపు, కట్టెలు కొట్టడం ఓ మోస్తరుగా సాగితే ఆ నేల అలా పలచగా నిలవడానికి అవే తోడ్పడవచ్చని కూడా పరిశోధకులు రాశారు. యంత్రాలతో పొదలు పెకలించి తోటలూ పొలాలూ చేస్తే మాత్రం ఆ చోటు పోయినట్టే. అడవి అనగానే మనుషుల్ని వెళ్లగొట్టాలన్న తొందరపాటు ఇందులో లేదు. లెక్క ఎటు చూపితే అటే నడిచారు.

ఇదే బృందం పని వల్ల దాని కూత కూడా రికార్డయింది. సంధ్య దాటాక ఆ రికార్డింగు వినిపించి, జవాబు వస్తుందేమోనని చెవి ఒగ్గి సర్వే చేసే దారి అలా ఏర్పడింది.

ఈ శ్రమంతా పత్రికల్లో ఉండిపోలేదు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పిట్ట ఉండే చోటికే వచ్చిపడింది. పిట్ట ఎక్కడ తిరుగుతుందో, దానికి ఏ నేల కావాలో చెప్పే ఆధారాలు అప్పటికే చేతిలో ఉన్నాయి. కాలువ దారి మార్చారు.