‘మేలుజాతి’ ఎవరికి మేలు? – నెల్లూరు గొర్రె, జన్యు పరీక్ష: ఒక విమర్శ

1. ప్రవేశిక

పశుసంవర్ధక రచనల్లో ‘మేలుజాతి’ అనే మాట నిర్వచనం అక్కరలేనిదిగా చలామణి అవుతున్నది. గొర్రెల ఎంపికలో జన్యు పరీక్షలు ప్రవేశించిన తరువాత ఆ మాటకు శాస్త్రప్రమాణం కూడా తోడైంది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప మైదానాల్లో మంద మేపే కాపరి పక్షం నుంచి ఆ మాటను పరిశీలించవలసి ఉన్నది.

2. కంటికి కనిపించేది, పరీక్షకు అందేది

నెల్లూరు జాతిలో పల్ల, జోడిపి, దొర అనే విభజనకు రంగే ఆధారం. పల్ల తెల్లనిది, జోడిపికి తెల్లని ఒంటిపై కళ్ల చుట్టూ, మూతి వద్ద నల్లమచ్చలు ఉంటాయి, దొర గోధుమవన్నెది. కవలలనిచ్చే గుణం మాత్రం రంగులో తెలియదు. పొట్టేలు ఈనదు కనుక, దాని కూతుళ్లు ఈనేదాకా ఆగవలసిందే. డీఎన్‌ఏ పరీక్ష ఆ నిరీక్షణను తప్పిస్తుంది.

బెంగాల్ గారోల్ గొర్రెల్లోను, ఆస్ట్రేలియా బూరూలా మెరినోల్లోను ఉన్న ఫెక్‌బి ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇది బిఎంపిఆర్1బి జన్యువులోని మార్పు అని 2001లో తేలింది. ఒక ప్రతి ఉంటే ఎదకు విడుదలయ్యే అండాలు సుమారు 1.5, రెండు ఉంటే సుమారు 3 పెరుగుతాయి. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ గుణాన్ని దక్కనీ గొర్రెల్లోకి తెచ్చింది.

3. మేలుకు కొలమానం

ఫల్టణ్ ఫలితాన్ని ఈ మైదానాలకు యథాతథంగా అన్వయించడం తొందరపాటు. పైరు ఉన్నన్నాళ్లు ఇక్కడ మేపుకు చోటు తక్కువ. పత్తి ఏరి, మిరప కోసిన తరువాతే చేలు మందకు దక్కుతాయి. ఎరువు కోసం రైతు రాత్రి మంద కట్టించుకుంటాడు. మిగిలిన కాలమంతా మందకు నడకే. నడిచే తల్లికి ఇద్దరు పిల్లలకు చాలినన్ని పాలు లేకపోతే రెండో పిల్ల మొదటిదానికీ చేటు తెస్తుంది. రెండు ప్రతులున్న తల్లి విషయంలో ఈ ముప్పు మరింత ఎక్కువ.

పాలు, నడక ఓర్పు, రోగనిరోధం వంటివి అనేక జన్యువుల ఉమ్మడి ఫలం. ఒక్క జన్యువును చూసే పరీక్షకు అవి అందవు. వాటికి తూకాలు, వంశక్రమం నమోదు కావాలి. పలు పొట్టేళ్లు కలిసి తిరిగే మందలో తండ్రి ఎవరో తేల్చే డీఎన్‌ఏ పరీక్షకే ముందు ప్రాధాన్యం దక్కాలి.

4. ముగింపు

పరీక్ష జన్యువు ఉనికిని చెబుతుంది. అది ఏ మందకు తగునో చెప్పదు. ఎన్ని పిల్లలు పుట్టాయన్నది కాక, తల్లికి ఎన్ని పిల్లలు పాలు మానేదాకా బతికాయన్నది కొలమానం కావాలి. ఆ లెక్క ఈ చేలవెంట నడిచే మందల్లోనే తీయాలి. అంతవరకు ‘మేలుజాతి’ అనే మాటను నిర్ధారణగా కాక ప్రతిపాదనగానే స్వీకరించడం ఉచితం.